వదులు చర్మం: వాడే విధానం

మొట్టమొదట బరువు తగ్గాలి. అదీ నెమ్మదిగా కాదు. మాఘమాసంలో మేనకోడలి పెళ్లి ఉందన్న సంగతి దసరా వెళ్లాక గుర్తు తెచ్చుకోండి. అప్పటికల్లా 25 కిలోలు దించుతానని ఇంటిల్లిపాది ముందూ శపథం చేయండి. పద్ధతులకు కరువు లేదు. విజయవాడ వీరమాచనేని రామకృష్ణ గారి డైట్ ఊళ్లను ఊపేసిన రోజుల్లో 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, 3 నిమ్మకాయలు, 4 లీటర్ల నీళ్లు, 2 మల్టీవిటమిన్ బిళ్లలు అన్న లెక్క రాని అరుగు లేదు. నచ్చిన పద్ధతి పట్టండి. తొందర మాత్రం వదలకండి.

తగ్గాక వీధిలోకి వెళ్లేముందు ఒక జవాబు సిద్ధం చేసుకోవాలి. మా చీడికాడ సెంటర్లో మిమ్మల్ని చూసి మెచ్చుకునేవాళ్లు ఉండరు. "ఏటి బావూ, అలా సిక్కిపోనావ్? సుగరేటి?" అంటారు. కాదంటే, పాపం దాస్తున్నాడని జాలిపడతారు. అవునంటే ఏ డాక్టరో, ఏ బిళ్లో కనుక్కుని ఊరుకుంటారు. అవుననడమే సుఖం.

పోయిన కొవ్వు ఏమైందని అడిగితే చెమటగా కరిగిందని చెప్పకండి, అది అబద్ధం. ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 2014లో లెక్క తేల్చారు: 10 కిలోల కొవ్వు పోతే 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడై ఊపిరిలో వెళ్తుంది, మిగతా 1.6 కిలోలే నీళ్లు. కోనాం జలాశయం గట్టు మీద పొద్దున్నే రొప్పుతూ మీరు వదిలింది అదే. ఆ గాలిని ఆయకట్టులో చెరుకు పీల్చుకుంటుంది. చెరుకు బెల్లమై అనకాపల్లి మార్కెట్టుకు వెళ్తుంది, బెల్లం అరిసెల్లోకి వెళ్తుంది. అరిసె ఎక్కడికి వెళ్తుందో మీకు తెలుసు. దీన్ని డైట్ చెడిపోవడం అనకండి, ప్రకృతి చక్రం అనండి. పైగా ఒంట్లో కొవ్వు కణాలు కుంచించుకుంటాయే కానీ వాటి సంఖ్య పెద్దగా తగ్గదు. పళ్లెం ఎటునుంచి వస్తుందా అని చూస్తూ కూర్చుంటాయి. మాడుగుల హల్వా వాసన తగిలితే ఇక చెప్పేదేముంది.

ఇప్పుడు అసలు సరుకుకు వద్దాం. చాలాకాలం సాగిపోయిన చర్మంలో కొల్లాజెన్, ఎలాస్టిన్ పోగులు తెగి, పట్టు తప్పుతాయి. ఎలాస్టిన్‌ను పెద్దయ్యాక ఒళ్లు మళ్లీ దాదాపు తయారుచేయదు. వయసులో ఉండి, తగ్గింది కొంచెమే అయితే కొన్ని నెలల్లో చర్మం కొంతమేర దగ్గరపడుతుంది. అలా దగ్గరపడకుండా ఉండాలంటే చుట్ట మానకండి. నిప్పు నోట్లో పెట్టే అడ్డపొగైనా, నిలువుపొగైనా పొగాకు కొల్లాజెన్‌ను సమానంగానే చూస్తుంది. బిగుతు క్రీములు విధిగా కొనండి. అవి చర్మం పైపొర దాటి లోపల పెద్దగా పనిచేసింది లేదు గానీ, డబ్బా బాగుంటుంది. బరువులెత్తి కండ పెంచితే ఖాళీ కొంత పూడుతుంది. అయితే పొలంలో చెరుకు మోపు ఎత్తకండి, అది కూలిపని. చోడవరం వెళ్లి, డబ్బు కట్టి, ఇనుము ఎత్తండి.

ఎండాకాలం వస్తే పొట్ట మడత కింద చెమట పట్టి, ఒరిసి, ఎర్రబడి, దురద మొదలవుతుంది. శుభ్రంగా కడిగి, పొడిగా తుడిచి, నూలుబట్ట వేసుకుని, తగ్గకపోతే చర్మం డాక్టరుకు చూపిస్తే సరిపోతుంది. కానీ అందులో మజా ఏముంది? మందుల షాపులో చీటీ లేకుండా ఇచ్చే, స్టెరాయిడ్ కలిసిన ట్యూబు పూయండి. నాలుగు రోజుల్లో హాయిగా ఉంటుంది. ఆపాక తామర తన చుట్టాలందర్నీ వెంటబెట్టుకుని వస్తుంది.

చివరికి కత్తి. మిగిలిన చర్మాన్ని నిజంగా తీసేయగలిగేది ఆపరేషనే. బరువు కనీసం ఆరు నెలలు నిలకడగా ఉన్నాకే రమ్మంటారు. పొట్టకైతే ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా గాటు మిగులుతుంది. లైపోసక్షన్ వేరు: అది కొవ్వును పీలుస్తుంది, చర్మాన్ని కాదు, కాబట్టి వదులు ఇంకా పెరగొచ్చు. ఇక్కడ కాసేపు వెటకారం ఆపుతాను. 2001లో "నువ్వు నాకు నచ్చావ్"తో మన తెరకు వచ్చిన ఆర్తి అగర్వాల్ 2015 జూన్ 6న న్యూజెర్సీలో చనిపోయారు. వయసు 31. అంతకు కొన్ని వారాల ముందే లైపోసక్షన్ చేయించుకున్నారు. ఆమె పెరిగినప్పుడూ తగ్గినప్పుడూ కిలోలు లెక్కపెట్టింది టిక్కెట్టు కొన్న మనమే.

సరే, మళ్లీ పనిలోకి. ఇంత చెప్పాక కూడా వేలాడే పొట్ట చూసుకుని సిగ్గేస్తోందా? మన పాత జిల్లాను చూడండి. 11,161 చదరపు కిలోమీటర్లుండే విశాఖ జిల్లా 2022 ఏప్రిల్ 4న ఒక్కరోజులో వెయ్యి చిల్లరకు చిక్కిపోయింది. ఏ డైటూ అంత తగ్గించలేదు. చీడికాడ అనకాపల్లి జిల్లాకు వెళ్లింది. అయినా ఇప్పటికీ కొన్ని బోర్డుల మీద "చీడికాడ, వయా చోడవరం, విశాఖపట్నం జిల్లా" అని వేలాడుతూనే ఉంది. ముందు దాన్ని కోయించండి. పొట్ట సంగతి తర్వాత చూద్దాం.