అక్షరములు లేని అక్షరపేటికను

డెబియన్ అను లినక్స్ వ్యవస్థ భాండాగారమున నన్ను 'టీటీఎఫ్-ఎంఎస్‌కోర్‌ఫాంట్స్-ఇన్‌స్టాలర్' అని వ్యవహరింతురు; నామము దీర్ఘము, దేహము మాత్రము అత్యల్పము. ఏరియల్, టైమ్స్ న్యూ రోమన్, వెర్డానా, జార్జియా మొదలగు ఫాంట్లను సమకూర్చెదనని నా వర్ణనలో వ్రాసియుండును గాని, నన్ను విప్పి వెదకినచో ఒక్క అక్షరమైనను కానరాదు. కొన్ని స్క్రిప్టులు, ఒక లైసెన్సు పాఠము, తేవలసిన ఫైళ్ళను సరిచూచుటకు చెక్‌సమ్‌లు: నా సొత్తు ఇంతియే.

వెబ్ పుట ఎచ్చట తెరచినను ఒకే తీరున కనబడవలెనను తలపుతో మైక్రోసాఫ్ట్ సంస్థ 1996లో ఈ ఫాంట్లను ఉచితముగా విడుదల చేయ నారంభించెను. మాథ్యూ కార్టర్ కంప్యూటరు తెర కొఱకే తీర్చిన వెర్డానా, జార్జియాలు వీనిలోనివే. 2002 ఆగస్టులో సంస్థ వానిని తన పుటనుండి తొలగించెను. ఐనను, అదివఱకే ఇచ్చిన లైసెన్సు ప్రతులు పంచుటకు అనుమతించుచున్నందున, అవి సోర్స్‌ఫోర్జ్ అను వెబ్‌సైటులో నిలిచియున్నవి.

చిక్కంతయు ఆ లైసెన్సులోనే యున్నది. ఎన్ని ప్రతులనైనను పంచవచ్చును. కాని ప్రతి యొక్కటియు మూలమునకు సర్వసమానమై, లైసెన్సుతో కూడి యుండవలెను. లాభమునకై అమ్మరాదు, తమ సరకులో కలిపియు విక్రయింపరాదు. ఆ మూలమో, విండోస్ కొఱకు కట్టిన ఈఎక్స్ఈ మూట! విప్పి పంచినచో అది మూలమునకు సమానము కాదు. డెబియన్‌వారి 1997 నాటి సామాజిక ఒడంబడిక ననుసరించి 'మెయిన్' విభాగమున చేరు ప్రతి సాఫ్ట్‌వేరును మార్చుటకును, డిస్కులకెక్కించి విక్రయించుటకును ఎల్లరకు స్వేచ్ఛ యుండవలెను. మార్పునే సహింపని ఫాంట్ల కచ్చట చోటెక్కడిది? తాను స్వేచ్ఛాయుతమై, పరాధీనవస్తువు పై ఆధారపడిన నావంటి వారికై 'కంట్రిబ్' అను విభాగ మేర్పడినది, నేనందు కాపురముందును.

పెండ్లిండ్ల పేరయ్యవలె ఇరుపక్షములను కలుపుటయే నా వృత్తి. కంప్యూటరు యజమాని పిలిచినంతనే లైసెన్సును తెరపై పరచెదను. దానిని చదువువారు బహుస్వల్పము. 'సరే' అను మాటను చేరుటకు ట్యాబ్ మీట నొక్కవలెనని తెలియక దిక్కులు చూచువారే యధికులు. అంగీకారము లభించిన పిమ్మట మూటలను దింపి, చెక్‌సమ్‌లు సరిచూచి, క్యాబ్‌ఎక్స్‌ట్రాక్ట్ అను పనిముట్టు సాయమున విప్పి, ఫాంట్లను వాని స్థానమున నుంచెదను. విప్పుట యజమాని యింటిలో, యజమాని యనుమతితో జరిగినది గాన డెబియన్ దేనిని మార్చి పంచినట్లు కాదు. ఇది కపటోపాయమని ఆక్షేపించువారు కలరు. పరుల సొత్తును తనదిగా చూపకుండుట కపట మెట్లగునో నాకు బోధపడదు. నెట్‌వర్కు లేనినాడు మాత్రము, పట్టికలో పేరుండియు ఫాంట్లు లేని వింతస్థితి నాకు సంభవించును.

2007లో రెడ్ హ్యాట్ సంస్థ లిబరేషన్ ఫాంట్లను వెలువరించెను. ఏరియల్, టైమ్స్ న్యూ రోమన్, కొరియర్ న్యూలతో వాని రూపము భిన్నమైనను అక్షరముల వెడల్పు సమానమగుటచే, పంక్తి విరుగుచోటు మారదు. కార్యాలయపత్రములు తెరచుటకు నా యవసరము చాలవఱకు తీరినది. తెలుగు చదువరికైతే మొదటినుండియు నాతో పని లేదు: నేను తెచ్చు ఫాంట్లలో తెలుగు లేదు, లోహిత్ తెలుగు ఫాంటు 'మెయిన్'లోనే లభించును. ఇక వెర్డానాయే, కామిక్ సాన్సే కావలెనని పట్టుబట్టువారు మిగిలిరి. వారి కొఱకు ఆ లైసెన్సును నేటికిని తెరపై పరచుచున్నాను.