పడవలో కరెంటు ఖర్చుపెట్టు విధానము

దిండి రేవులో హౌస్‌బోటు ఎక్కగానే అందరూ చేసే పొరపాటు, వశిష్ఠ గోదావరిని చూస్తూ నిలబడిపోవడం. గోదావరి ఎక్కడికి పోతుంది, అంతర్వేది దాకానేగా. ముందు ప్లగ్గులెక్కడున్నాయో చూసుకోండి. మేం ఆరుగురం ఎక్కాం. వెంట తొమ్మిది ఫోన్లు, ఒక హెయిర్ డ్రయ్యరు, ఒక ఎలక్ట్రిక్ కెటిలు, మా బావగారి ఇస్త్రీపెట్టె.

రేవులో ఉన్నంతసేపూ ఒడ్డునుంచి వైరు లాగి 230 వోల్టుల కరెంటు ఇస్తారు. బయల్దేరేటప్పుడు తాడు విప్పడం మరిస్తే పడవ కదలదు. వైరు పీకడం మరిస్తే కదులుతుంది. కాసేపు.

ఆ తర్వాత భారమంతా బ్యాటరీలదే. సరంగు మొదట్లోనే చెప్పేస్తాడు: "ఇది కుళాయి కాదండి బాబూ, బిందె. ఉన్నంతవరకేనండి, ఆయ్." శ్రద్ధగా తలూపండి. ఊపి, కెటిలు పెట్టండి.

ఇక్కడ కొంచెం లెక్కలున్నాయి. బ్యాటరీ మీద 100 ఆంపియర్ అవర్లని రాసి ఉంటే 100 మనవే అనుకుంటాం. లెడ్-యాసిడ్ బ్యాటరీని మాటిమాటికీ సగానికి మించి పిండితే దాని ఆయుష్షు కరిగిపోతుంది కనుక చేతికొచ్చేది 50. 1500 వాట్ల కెటిలు 12 వోల్టుల బ్యాటరీనుంచి 125 ఆంపియర్లు లాగుతుంది; మధ్యలో ఇన్వర్టరు తినే కమీషను కలిపితే 140 దాకా. అంటే సుమారు 20 నిమిషాల్లో మీ 50 హరీ. అదే సరుకుతో 5 వాట్ల ఎల్ఈడీ బల్బయితే నాలుగు పగళ్లూ నాలుగు రాత్రులూ ఆర్పకుండా వెలుగుతుంది. కానీ బల్బు టీ ఇస్తుందా?

గోడమీద వోల్టుమీటరు ఉంటుంది. దాని మీద తువ్వాలు ఆరేసుకోవచ్చు. ఏ లోడూ లేకుండా విశ్రాంతిగా ఉన్న బ్యాటరీ 12.7 చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2కి దిగితే సగమైనట్టు అంటారు. అర వోల్టుకే అలగడానికి అదేమన్నా కొత్తల్లుడా?

పక్కనే 1, 2, రెండూ, ఆఫ్ అని గుర్తులున్న తిప్పుడు స్విచ్ ఉంటుంది. ఒక బ్యాటరీ ఇంజన్ స్టార్టుకి, రెండోది మన ఫ్యాన్లకీ లైట్లకీ. వాటికి వేరు కాపురాలెందుకని 'రెండూ' మీద పెట్టి పడుకోండి. తెల్లారి సరంగు తాళం తిప్పితే ఇంజన్ 'టిక్' అంటుంది. ఇంజన్ నడుస్తుండగా అదే స్విచ్‌ని ఆఫ్‌కి తిప్పి చూడాలని కూడా అనిపించవచ్చు. ఆల్టర్నేటరులోని డయోడ్లు మాడే ఖర్చు యజమానిది, అనుభవం మనది.

ఫ్యూజు పోతే దాని చోట లావుపాటి రాగితీగ చుట్టండి. మళ్లీ పోదు. ఇక పోవలసింది వైరూ, దాని వెనకున్న చెక్కగోడా.

పడవ అడుగున చేరే నీటిని తోడడానికి ఒక పంపు ఉంటుంది. నీళ్లు పెరిగి దాని ఫ్లోట్ స్విచ్ తేలగానే ఎవరూ అడక్కుండా అర్ధరాత్రి బుర్రుమంటుంది. డబ్బులిచ్చి వచ్చింది నిద్రపోవడానికి కదా, దాని వైరు పీకేయండి. పొద్దున మీరు లేచేసరికి చెప్పులు వాటంతటవే మంచం దగ్గరికి వస్తాయి.

రాత్రి ఏసీ కోసం డీజిల్ జనరేటరు వేస్తారు. పొగగొట్టం వైపు కిటికీ తెరవొద్దంటే, తెరవండి. కార్బన్ మోనాక్సైడుకి రంగూ లేదు, వాసనా లేదు. కంటికీ ముక్కుకీ ఆననిదాన్ని నమ్మేటంత అమాయకులా మీరు?

మా సంగతి కెటిలు దగ్గరే తేలిపోయింది. నీళ్లు సుయ్యిమన్నాయి, ఇన్వర్టరు కుయ్యిమంది, ఫ్యాన్లు మెల్లగా నిలబడ్డాయి. చీకట్లో దోమల చప్పుడు తప్ప ఏమీ లేదు. కాసేపటికి టార్చిలైటుతో సరంగు వచ్చాడు, రెండో చేతిలో పొగలు కక్కుతున్న ఆరు గ్లాసుల పళ్లెం.

"టీ కావాలంటే అడగాలి కదండీ. వంటగదిలో గ్యాసు పొయ్యి ఉందండి, ఆయ్."

మా బావగారు గ్లాసందుకుని ఒక గుక్క తాగి, గొంతు తగ్గించి అడిగారు: "ఆ పొయ్యిమీద ఇస్త్రీపెట్టె కాగుతుందంటావా?"