ఎలివేషన్ మహాత్మ్యం

అండమాన్ అడవిలో పడాక్ చెట్టు మీద గొడ్డలి వెయ్యాలంటే సుప్రీంకోర్టు అడ్డొస్తుంది. ఎప్పుడో కొట్టి, కోసి, ఇంటికి గోడగా నిలబెట్టిన పడాక్ పలకని ఊడబీకాలంటే మాత్రం ఒక గడ్డపార, ఆదివారం పూట ఖాళీగా ఉన్న ఇద్దరు కుర్రాళ్లు చాలు. శేఖర్ సింగ్ కమిషన్ నివేదిక చూసి 2002 మే 7న కోర్టు ఇచ్చిన ఉత్తర్వు దీవుల్లో సహజంగా పెరిగిన చెట్ల నరికివేతకి చాలావరకు కళ్లెం వేసింది. తీరంలో ఇసుక తవ్వకాన్ని ఏటేటా తగ్గించుకు రమ్మంది. అందులో చెట్టు గురించి ఉంది, ఇసుక గురించి ఉంది. ఇంటి ముఖం గురించి లేదు. ఆ సందులోంచే దూరింది మన ఎలివేషన్.

పోర్ట్ బ్లెయిర్‌లో, అంటే 2024 సెప్టెంబరు నుంచి శ్రీ విజయపురంలో (దీవుల్లో ఇంత తొందరగా పూర్తయిన బయటి మరమ్మతు ఆ బోర్డు మార్పిడి ఒక్కటే), పాత పేటల్లో ఇంకా కొన్ని చెక్క ఇళ్లు మిగిలాయి. పడాక్ స్తంభాలు, గర్జన్ పలకలు. పై పలక అంచు కింది పలక మీదికి దిగేలా కొట్టిన గోడ. నేలకి కాస్త ఎత్తులో చెక్క నేల. పైన రేకు, అంతకుముందు ధనీ ఆకు కప్పు. గోడని దాటి ముందుకి వంగిన చూరు, ఆ చూరు కింద వేడి గాలి పోవడానికి జాలీ. వీటికి త్రీడీ డిజైన్ ఎవరూ గియ్యలేదు. ఏడాదికి 3,000 మిల్లీమీటర్ల వాన పడే చోట, విశాఖలో పడేదానికి రెండున్నర రెట్లు పడే చోట, తడిసి తడిసి బుద్ధి తెచ్చుకున్న వడ్రంగులు కట్టారు.

ఇప్పుడు ఆ ఇళ్లకి ఫేస్‌లిఫ్టు జరుగుతోంది. ఈ పండగ చేసుకుంటున్న వాళ్లలో మనవాళ్లు వెనకబడ్డారని ఎవరూ అనలేరు. 2011 జనగణన నాటికే ఈ దీవుల్లో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు దాదాపు 50 వేల మంది. ఎక్కువమంది శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్లు, వాళ్ల పిల్లలు. సోంపేటలో తమ్ముడు మేడ కట్టి, ముందు వైపు గోధుమ రంగు రాయి అతికించి, రాత్రి పూట లైట్లు వేసి వాట్సాప్‌లో ఫొటో పెడతాడు. ఇక్కడ అన్నకి ఆ రాత్రి నిద్ర పట్టదు. తెల్లారేసరికి తన చెక్క ఇల్లు తనకే పాకలా కనిపిస్తుంది. నాన్న కట్టిన ఇల్లు కూలగొట్టలేడు, డబ్బు చాలదు. కాబట్టి ముందువైపు ఒక్కటీ కొత్త ఇల్లవుతుంది. మిగతా మూడు వైపులా పాతిల్లే. వీధిలోంచి చూసేవాడికి ఒక వైపే కనబడుతుంది కదా! ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని మనవాళ్లు ముందే చెప్పిపెట్టారు. అది హెచ్చరిక అని మరిచిపోయి, బిల్డింగు ప్లాను అనుకున్నారు పాపం.

ముందు త్రీడీ బొమ్మ వస్తుంది. మెయిన్‌లాండ్‌లో ఎవరో కుర్రాడు, ఈ దీవుల్ని మ్యాపులో కూడా చూసి ఉండడు, ఫోన్లో పంపిన ఒక్క ఫొటో మీద గీసి పంపిస్తాడు. ఆ బొమ్మలో ఆకాశం ఎప్పుడూ నీలంగానే ఉంటుంది. ఇంటి ముందు ఆ వీధిలోకి దూరలేని కారు ఒకటి ఆగి ఉంటుంది. పచ్చికలో ఒక విదేశీ జంట నడుస్తూ ఉంటుంది. వాన ఉండదు. నేనింతవరకు వానలో తడుస్తున్న త్రీడీ ఎలివేషన్ చూడలేదు. మే నుంచి డిసెంబరు దాకా రెండు రుతుపవనాలూ వరసగా వచ్చి కొట్టే ఊళ్లో ఇంటి బొమ్మ గీస్తూ వానని మరిచిపోవడం మామూలు ప్రతిభ కాదు.

తర్వాత కేటలాగు పట్టుకుని షీట్ల కుర్రాడు వస్తాడు.

"ఇదేసేసేరనుకోండి బావుగారూ, పదేళ్లు ఇటేపు సూడక్కర్లేదు. రంగక్కర్లేదు, పాలిషక్కర్లేదు. జీరో మెయింటెనెన్సు."

"వాన?"

"వానొచ్చినా మంచిదేనండి, కడిగేసినట్టుంటాది."

బావుగారు పేజీలు తిప్పుతాడు. ఎరుపు, వెండి రంగు, నల్ల గ్రానైటు తీరు. చివరికి ఆయన వేలు ఆగేది ఎక్కడనుకుంటున్నారు? చెక్క తీరు డిజైన్ దగ్గర! అల్యూమినియం రేకు, మధ్యలో ప్లాస్టిక్ పొర, పైన టేకు జీరలు అచ్చేసిన ఫిల్ము. అసలు పడాక్‌ని పీకి ఆ చోట చెక్క బొమ్మ అతికించడానికి ఈ షీటు చెన్నై నుంచో విశాఖ నుంచో దాదాపు 1,200 కిలోమీటర్ల సముద్రం దాటి వస్తుంది. తిరుపతిలో ఉంటూ లడ్డూ కోసం ఆన్‌లైన్ ఆర్డరు పెట్టినవాడు కూడా ఇంత దూరం పోలేదు.

ఆ పీకిన పలక పుట్టుక చూడండి. చాథమ్ దీవిలో రంపపు మిల్లు 1883లో మొదలైంది. ఆసియాలో పాత మిల్లుల్లో అదొకటి. 1942లో జపాను బాంబు పడి గుంట పడింది, ఆ గుంటని ఇప్పటికీ టికెట్టు తీసుకుని చూస్తారు. అండమాన్ పడాక్ ఒకప్పుడు అమెరికా వెళ్లి పుల్‌మన్ రైలు పెట్టెల లోపలి గోడలకి ఎక్కింది. బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో కూడా ఇక్కడి కలప ఉందని చాథమ్ గైడ్లు ఛాతీ విరిచి చెబుతారు. నిజమో కాదో రాణిగారే చెప్పాలి, ఆవిడా లేరు. నిజమే అనుకుందాం. ప్యాలెస్‌కి పనికొచ్చిన చెక్క మన బావుగారి ఇంటికి 'పాత లుక్' అయిపోయింది. గైడు దగ్గర ఫొటో దిగి వచ్చి, ఇంటి దగ్గర అదే చెక్కని పాత సామాను వాడికి తూకానికి వేస్తాడు. ఆ కొన్నవాడు రంధా పట్టి దివాను చేసి అమ్ముతాడు. దాన్ని కొనేది, కొత్త ఎలివేషన్ వెనకాల హాల్లోకి చెక్క సామాను బాగుంటుందనుకున్న ఇంకో బావుగారు.

ఇంతవరకు అభిరుచి గొడవ. అభిరుచి ఎవడిది వాడిది, పుర్రెకో బుద్ధి. షీటు వెనకాల జరిగేది అభిరుచి కాదు.

షీటు బిగించాలంటే ముందు ఫ్రేము కావాలి. ఫ్రేము తిన్నగా రావాలంటే చూరు అడ్డం, కోసేస్తారు. వాలు రేకు కనబడితే పాకలా ఉంటుందని ముందు ఒక పెట్టె గోడ లేపుతారు. ఇన్నాళ్లూ రేకు మీంచి జారి చూరు అంచున దిగి దూరంగా పడిన నీళ్లు, ఇప్పుడు సరాసరి వచ్చి ఆ పెట్టె వెనకాల నిలబడతాయి. అక్కడొక రేకు కాలవ పెట్టి, దాని అతుకుల్లో సిలికాన్ నింపి, దండం పెడతారు. జాలీ కనబడకూడదు, క్లీన్ లుక్ పోతుంది, మూసేస్తారు. లోపల ఉక్కపోస్తే ఏసీ ఉంది కదా. అప్పటిదాకా గోడ తడిసినా గాలి తగిలి మర్నాటికి ఆరేది. ఇప్పుడు తడుస్తుంది, ఆరదు. అంతే తేడా.

రెండు వానాకాలాలు పోయాక కింది వరసలో ఒక షీటు విప్పి చూడండి. ముందు స్క్రూ రాదు. ఉప్పు గాలిలో ఇనుమూ అల్యూమినియమూ ఒకదానికొకటి తగిలిన చోట ఒకటి రెండోదాన్ని తింటుంది, స్క్రూ చుట్టూ తెల్లటి పొడి, దాని కింద తుప్పు చార. షీటు లాగితే పుట్టగొడుగుల వాసన. గర్జన్ పలక అడుగు భాగం నల్లబడి, గోరుతో గుచ్చితే తడి బెల్లంలా దిగిపోతుంది. ఫ్రేముకి ఆసరాగా కొట్టిన చవక చెక్క మీదుగా చెదలు మట్టి గొట్టం కట్టుకుని పైదాకా వెళ్లింది. పడాక్ స్తంభం ఒక్కటి మాత్రం ఇంకా ఎర్రగా, గట్టిగా, ఏం చేస్తున్నార్రా మీరంతా అన్నట్టు నిలబడి ఉంటుంది. ముందునుంచి చూస్తే షీటు మెరుస్తూనే ఉంది. కుర్రాడు చెప్పింది అబద్ధం కాదు, షీటుకి మెయింటెనెన్సు అక్కర్లేదు. ఇంటికే కావాలి.

ఇది మన దీవుల్లో మాత్రమే పుట్టిన తెలివి కాదు. కెనడాలో వాంకూవర్ కూడా వాన ఊరే. అక్కడ 1980ల్లో, 90ల్లో ఎండ దేశాల వేషం మీద మోజు పుట్టి, చూరు లేకుండా, చెక్క ఫ్రేముల మీద నున్నటి ప్లాస్టరు పూత వేసి అపార్టుమెంట్లు కట్టారు. కొత్త భవనాలే. లోపలికి దిగిన నీరు బయటికి రాలేక గోడలు కుళ్లాయి. వేలాది కుటుంబాలు చితికిపోయాయి, నష్టం వందల కోట్ల డాలర్లు. 1998లో మాజీ ప్రీమియర్ డేవ్ బారెట్ అధ్యక్షతన కమిషన్ వేసి మరీ తేల్చాల్సి వచ్చింది: వానలో చూరు కావాలని. ఆ ముక్క మన పాత ఇంటి చూరు అంతకుముందే ఫీజు తీసుకోకుండా చెప్పింది. లండన్ గ్రెన్‌ఫెల్ టవర్ సంగతి వేళాకోళానికి అందదు. పాత బ్లాకుకి బయట కొత్త తొడుగు వేశారు. ఖర్చు తగ్గుతుందని జింకు బదులు ప్లాస్టిక్ పొర ఉన్న అల్యూమినియం షీటు వాడారు. 2017 జూన్ 14న నిప్పు ఆ తొడుగు పట్టుకుని పైకి పాకింది. 72 మంది పోయారు. అప్పటినుంచి లోపల ఏ పొర ఉందో అడక్కుండా షీటు కొనేవాణ్ణి చూస్తే నాకు కోపమే వస్తుంది.

సామాన్యుణ్ణే ఎందుకు అనాలి? దొరల బాట అదే. దాదాపు 710 కోట్లతో గవ్వ ఆకారంలో కట్టిన మన విమానాశ్రయం టెర్మినల్‌ని 2023 జులై 18న ప్రధాని ప్రారంభించారు. వారం తిరక్కముందే గాలివానకి బయటి వైపు సీలింగు ఊడి వేలాడింది. సీసీ కెమెరాల పనికోసం దాన్ని కావాలనే వదులు చేశారని కేంద్ర మంత్రి వివరణ. దీవిలో జులైలో గాలి వీస్తుందని ఎవరు మాత్రం ఊహిస్తారు! 2004 సునామీ తర్వాత కట్టిన తాత్కాలిక రేకు షెల్టర్లు గుర్తున్నాయా? స్తంభాల మీద, ఆకు కప్పు కింద, గాలి ఆడే గుడిసెల్లో బతికిన నికోబారీల్ని పెనం లాంటి రేకు పెట్టెల్లో పెట్టారు. ఆ తర్వాత 9,797 పక్కా షెల్టర్ల కోసం సామాను ఓడల్లో వచ్చింది. దీవి ఏమిస్తుందో, దీవి జనం ఏం కట్టగలరో అడగడం మన పద్ధతి కాదు.

బరువు సంగతి కూడా ఉంది. షీటు నచ్చనివాళ్లు రాయి అతికిస్తున్నారు. చెక్క ఫ్రేము గోడకి ఇనుప జాలీ కొట్టి, సిమెంటు పూసి, దాని మీద రాతి పలకలు. ఇది భూకంపాల ముప్పు బాగా ఎక్కువున్న జోన్. 2004 డిసెంబరు 26న భూమి ఊగినప్పుడు ఇక్కడి చెక్క ఇళ్లు కిర్రుమని ఊగి నిలబడ్డాయి, దెబ్బ తిన్నవాటిలో సరిగా కట్టని కాంక్రీటు భవనాలు ఎన్నో. తేలిక, వంగే గుణం, మేకుల దగ్గర కాస్త కదలిక, ఇవే ఆ ఇంటి బీమా. దానికి ముందు వైపు మాత్రమే రాతి కవచం తొడగడమంటే బీమా రద్దు చేసుకుని, ప్రీమియం రెట్టింపు కట్టడం. పైగా ఆ రాయి ఊడితే పడేది గుమ్మం ముందే.

మరేం చెయ్యమంటారు, కలప దొరకదు, వడ్రంగి దొరకడు, ఏటేటా రంగెవరు వేస్తారు అంటారు. కలప దొరకదన్నది నిజం. దొరకని వస్తువు ఇంట్లో ఉంటే దాన్ని పారేసేవాణ్ణి ఏమంటారో మీరే చెప్పండి. వడ్రంగి దొరకడన్నదీ నిజమే, పలక మీద పలక దించి కొట్టడం తెలిసినవాళ్లు కూడా కూలి ఎక్కువని షీట్లు బిగించడానికి పోతున్నారు. హోమ్‌స్టే పెట్టినవాళ్ల వాదన ఇంకో రకం: టూరిస్టులకి కొత్తగా కనబడాలి. అదే టూరిస్టు పొద్దున్నే పడవెక్కి రాస్ దీవికి, అంటే ఇప్పటి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపానికి వెళ్లి, మర్రి వేళ్లు పట్టి నిలబెట్టిన మొండి గోడల ముందు గంటసేపు ఫొటోలు దిగుతాడు. తిరిగొచ్చి, మీ ఊళ్లో పాత చెక్క ఇళ్లు ఉంటాయన్నారే, ఎక్కడ అని అడుగుతాడు. షీటు వెనకాల ఉన్నాయి బాబూ.

ఎవరైనా ఆ వారంటీ కాగితం చదివారా? పైన పెద్దక్షరాల్లో పదేళ్లు. లోహపు షీట్ల వారంటీల్లో తరచూ వెనక పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో ఇంకో ముక్క ఉంటుంది: సముద్ర తీరానికి ఇంత దూరం లోపు వర్తించదు. దీవిలో ఎటు తిరిగినా తీరమే. వారంటీ వర్తించే చోటు వెతుక్కుంటూ పోతే మళ్లీ విశాఖ ఓడెక్కాలి.

మా వీధిలో ఒకాయన షీట్లకి అడ్వాన్సు ఇవ్వబోయే ముందు, భార్య పోరు పడలేక ఒక ముసలి వడ్రంగిని పిలిచాడు. ఆయన చెప్పులు విడిచి ఇల్లు చుట్టూ తిరిగాడు. పలకల అడుగున వేలితో తట్టాడు. చూరు వైపు చాలాసేపు చూశాడు. కింద నాలుగు పలకలు మార్చాలి, మూల స్తంభం అడుగున సిమెంటు దిమ్మ లేపాలి, గట్టరు కొత్తది వెయ్యాలి, మొత్తానికి నూనె పట్టించాలి, వారం పని అన్నాడు. ఖర్చు షీట్ల లెక్కలో పదో వంతు కూడా లేదు.

"అంతేనా?" అన్నాడు ఇంటాయన, అనుమానంగా.

"అంతే బావూ."

"అంత పని చేస్తే బయటికి ఏం కనబడుద్ది?"

"ఏటీ కనబడదు. నీళ్లు లోపలికి రావు."

ఇంత తక్కువ చెప్పాడంటే పని తెలిసినవాడు కాదని ఇంటాయన తేల్చుకున్నాడు. టీ ఇచ్చి పంపించి, షీట్ల కుర్రాడికి ఫోన్ చేశాడు.