వాట్ల సిద్ధాంతి

ఉగాదికి పంచాంగ శ్రవణం వినే అలవాటు మా కుటుంబంలో నాతోనే ఆఖరనుకున్నాను. మా అక్క కొడుకు ఆ బెంగ తీర్చాడు. కాకపోతే వాడి పంచాంగంలో రాశులుండవు, వాట్లుంటాయి. రాబోయే గ్రాఫిక్స్ కార్డు ఎంత కరెంటు తాగుతుంది, ఎంత వేడి కక్కుతుంది, దాన్ని చల్లార్చడానికి ఎన్ని ఫ్యాన్లు తిరగాలి? ఇవే వాడికి ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు.

తయారుచేసే ఎన్విడియా వాళ్లు పెదవి విప్పకముందే మావాడు ఆ కార్డుకు 6090 అని నామకరణం చేసేశాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు కదా. మావాడు పేరుతో ఆగలేదు. సోమలింగం 12 వోల్టుల దగ్గర 50 ఆంపియర్లు తాగుతాడని, అంటే 600 వాట్లని, ఉగ్గుగిన్నె లెక్క కూడా కట్టి పెట్టాడు.

వాడి ముందు పొరపాటున ‘ఎండ మండిపోతోంది’ అనకూడదు. 2010 నాటి జీటీఎక్స్ 480 దగ్గర ఎత్తుకుంటాడు. అది 250 వాట్లది. దాని మీద ఆమ్లెట్ వేసుకోవచ్చని అప్పట్లో జనం జోకులేసుకున్నారు. 2016లో 1080 వచ్చి 180 వాట్లతో సరిపెట్టుకుంది. ఆ ఏడు గురించి మాత్రం, మా తాత కరువు రోజుల గురించి చెప్పినట్టు, గొంతు తగ్గించి చెబుతాడు. ఆ తర్వాత అన్నీ మంచిరోజులే. 2020లో 3090కి 350, 2022లో 4090కి 450, 2025 జనవరిలో 5090కి 575.

జోస్యం తప్పలేదా అంటే, తప్పింది. 4090 రాకముందు 600 అని కొందరు, 900 అని ఇంకొందరు ఊదరగొట్టారు. మావాడు 600కి కట్టుబడ్డాడు. తీరా 450 అని తేలింది.

“కార్డు 600కే పుట్టింది మావయ్యా, చివర్లో వాళ్లే వెనక్కి తగ్గారు” అన్నాడు. వాన పడకపోయినా మబ్బయితే పట్టింది కదా అనే సిద్ధాంతిని అక్కడే చూశాను. 5090 వచ్చినప్పుడు మాత్రం తక్కువైన 25 వాట్లను చిల్లర కింద వదిలేసి, ఇంటికి పావుకిలో పుల్లారెడ్డి నేతి మిఠాయి తెచ్చాడు.

ఇంతకీ వాడి కంప్యూటర్లో ఉన్న కార్డేమిటి? జీటీఎక్స్ 1650. దానికి 75 వాట్లు చాలు. మదర్‌బోర్డు స్లాట్‌లోంచి వచ్చే కరెంటే సరిపోతుంది, విడిగా వైరు కూడా అక్కర్లేదు. దీనికి వెనక వాడు బిగించిన పవర్ సప్లై 1200 వాట్లది! ఊరంతటికీ వంట చేసే గాడిపొయ్యి తవ్వించి, దాని మీద ఒక్క గ్లాసు కాఫీ కాచుకుంటున్నాడన్నమాట. 600 వాట్లు మోసే 16 పిన్నుల వైరు మాత్రం కార్డు కోసం ఎదురుచూస్తూ, గేదె రాని కొట్టంలో పలుపుతాడులా వేలాడుతూ ఉంటుంది.

ఆ మధ్య వాడి గదిలో కొత్త ప్లగ్ పాయింటు పెట్టడానికి ఎలక్ట్రీషియన్ వచ్చాడు.

“గీజరా అన్నా, ఏసీనా?”

“గ్రాఫిక్స్ కార్డు.”

“ఏదీ?”

“ఇంకా రాలేదు.”

“కొరియర్‌లో ఉందా?”

“ఇంకా తయారే కాలేదు.”

ఎలక్ట్రీషియన్ నా వైపు చూశాడు. నేను ఫ్యాను వైపు చూశాను. “600 వాట్లకు మామూలు 6 ఆంపియర్ల ప్లగ్గు బేషుగ్గా సరిపోతుందన్నా” అన్నాడు పాపం. మావాడు జాలిగా నవ్వి, ఇలాంటి కార్డులు 100 మైక్రోసెకన్ల పాటు ఒక్కసారిగా రెట్టింపు కరెంటు గుంజగలవనీ, 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం పవర్ సప్లైలను దానికి సిద్ధంగా ఉండమన్నదనీ అరగంట చెప్పాడు. ఎలక్ట్రీషియన్ విని, స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని, టీ తాగొస్తానని వెళ్లాడు. ఇప్పటికీ తాగుతూనే ఉన్నాడు.

మా అక్క లెక్కలు వేరు.

“మన మిక్సీ ఎంతరా?”

“750 వాట్లమ్మా.”

“అది రెండు నిమిషాల్లో కొబ్బరి పచ్చడి చేస్తుంది. నీది రోజుకు ఐదు గంటలు తిరిగి ఏం చేస్తుంది?”

“నీడలు నిజంగా పడినట్టు చూపిస్తుంది.”

“ఐదు గంటలంటే మూడు యూనిట్లు. నెలకు తొంభై. శ్లాబు మారిపోదూ! నీడ కావాలంటే వేపచెట్టు కింద కూర్చోరా.”

నేనూ ఊరుకోలేక ఒక మాటన్నాను. చిప్పు వేగంలో చివరి నాలుగు మెట్లకే వోల్టేజీ ఎక్కువ కావాలి, వోల్టేజీ కాస్త పెరిగినా కరెంటు ఖర్చు దాని వర్గం లెక్కన పెరుగుతుంది. అందుకే 4090కి 70 శాతం దగ్గర కళ్లెం వేసినా ఆటలో తగ్గే వేగం స్వల్పమేనట కదా, అలా వాడుకుంటే పోదా అన్నాను. వాడి మొహం మాడిపోయింది. “అవన్నీ కార్డు కొనుక్కున్నవాళ్లు చేసే పనులు మావయ్యా” అన్నాడు.

ఆ మాటతో నాకు జ్ఞానోదయమైంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ దుకాణాల వాళ్లకు అది ఏనాడో అయింది. వీణ్ణి చూడగానే ధర చెప్పరు, చాయ్ చెబుతారు.

మొన్న దసరాకు అక్క ఇంటికెళితే, గదిలో మావాడు అగరుబత్తి వెలిగించి కంప్యూటర్ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. క్యాబినెట్ అద్దం తీసి ఉంది. లోపల చెప్పుల డబ్బా అట్టతో చేసిన కార్డు. పొడవు 36 సెంటీమీటర్లు, లావు ఇటుకంత, మూడు ఫ్యాన్లు స్కెచ్ పెన్నుతో గీసి ఉన్నాయి. పొగ ఎటు పోతోందో చూస్తున్నాడు. ముందు ఫ్యాన్ల నుంచి లోపలికెళ్లిన పొగ అట్టకార్డుకు తగిలి, కాసేపు తచ్చాడి, పైనుంచి బయటపడుతోంది. వాడు స్కేలుతో కొలిచి పుస్తకంలో రాసుకుంటున్నాడు.

అక్క గుమ్మంలోనే ఆగి చెంపలేసుకుంది. “ఏ దేవుడ్రా?”

“ఇంకా వెలియలేదమ్మా.”

సాయంత్రం ఆయుధపూజలో స్కూటరు, మిక్సీ, కత్తిపీట వరసలో ఆ అట్టకార్డు కూడా ఉంది. అక్క దానికి ప్రత్యేకంగా పసుపు రాసి, కుంకుమబొట్టు పెట్టి, చాలాసేపు కళ్లు మూసుకుని నిలబడింది. కొడుకు ముచ్చట తీరాలని తల్లి తపన కాబోలని నా మనసు కరిగింది.

“ఏం మొక్కుకున్నావే?” అన్నాను.

అక్క గదివైపు చూసి, గొంతు తగ్గించింది. “ఆ స్వామి ఇప్పట్లో వెలియకూడదని.”