పద్మవ్యూహంలో మిథైల్

గర్భిణులకు కోర్సులు అమ్మేవాళ్లు ఇన్నాళ్లూ ఒక్క అభిమన్యుడితోనే నెట్టుకొచ్చారు. ఇప్పుడు ఎపిజెనెటిక్స్ తోడొచ్చింది. రోజుకో శ్లోకం, పూటకింత పాజిటివ్ థింకింగ్, పైన ఫీజు. కడుపులో బిడ్డ జన్యువులు ఇక చెప్పినట్టు వింటాయట! అభిమన్యుడు విన్నది సగం పాఠం. వ్యూహంలోకి పోవడం తెలిసింది కానీ బయటపడటం తెలియలేదు. ఈ గురువులు సైన్సు విన్నదీ అంతవరకే.

విన్న సగం నిజమే. కాలేయ కణంలోనూ మెదడు కణంలోనూ ఉన్నది ఒకే డీఎన్ఏ. అయినా ఒకటి పైత్యరసం చేస్తుంది, ఇంకొకటి ఆలోచనలకు పనికొస్తుంది. ఎక్కడ ఏ జన్యువు పనిచేయాలో తేల్చడంలో రసాయన గుర్తులకు పెద్ద పాత్రే ఉంది. ఈ గుర్తుల శాస్త్రమే ఎపిజెనెటిక్స్. జన్యువు మొదట్లో ఉండే సైటోసిన్ అనే డీఎన్ఏ అక్షరాల మీద మిథైల్ అనే గుర్తు చేరితే ఆ జన్యువు సాధారణంగా మూగబోతుంది. డీఎన్ఏ చుట్టుకుని ఉండే హిస్టోన్ ప్రోటీన్లకు అసిటైల్ అనే మరో గుర్తు తగిలితే చుట్ట వదులై, జన్యువు చదవడానికి అందుతుంది. ఈ గుర్తులు పెట్టే ఎంజైములున్నాయి, చెరిపేవీ ఉన్నాయి. శ్లోకం అర్థం చేసుకునే ఎంజైమును మాత్రం ఇంతవరకు ఎవరూ చూపలేదు.

వాళ్ల బ్రహ్మాస్త్రం డచ్చి కరువు. 1944-45 చలికాలంలో నాజీలు ఆహార రవాణాను అడ్డుకోవడంతో పశ్చిమ నెదర్లాండ్స్ ఆకలితో అల్లాడింది. ఆ రోజుల్లో కడుపున పడ్డవాళ్లను ఆరు దశాబ్దాల తర్వాత పరీక్షిస్తే, ఎదుగుదలకు సంబంధించిన ఐజీఎఫ్2 జన్యువు మీద మిథైల్ గుర్తులు వాళ్ల తోబుట్టువులకన్నా తక్కువగా ఉన్నాయని 2008లో తేలింది. కాదనలేం. కానీ ఆ తల్లులకు కరువైంది రొట్టె, ప్రవచనం కాదు. అగూటి అనే రంగు జన్యువు మీద ఎలుకల్లో చేసిన 2003 నాటి ప్రయోగంలోనూ అంతే. చూలు ఎలుకలకు ఫోలిక్ ఆసిడ్, బీ12 వంటివి మేతలో కలిపి పెడితే ఆ జన్యువు మీద మిథైల్ పెరిగి, గోధుమరంగు పిల్లలు ఎక్కువగా పుట్టాయి. పనిచేసింది మేత. ధ్యానంతో మిథైలేషన్ మారుతుందంటారా? దాన్ని సాధారణంగా కొలిచేది రక్తంలో. రక్తం రకరకాల కణాల మిశ్రమం, వాటి పాళ్లు మారినా లెక్క మారుతుంది. మారిన గుర్తే మేలు చేసిందని రుజువు కావడం ఆ పైమాట. ఏడు తరాలు బాగుపడతాయంటారా? బీజకణాలు తయారయ్యేటప్పుడు ఒకసారి, పిండం తొలిరోజుల్లో మరోసారి శరీరం ఈ గుర్తుల్లో చాలాభాగం తుడిచేసి మళ్లీ రాసుకుంటుంది. ఏడు తరాల గ్యారంటీ ఈ రెండు తుడుపుల్నీ ఎలా దాటుతుందో బ్రోషర్లో ఉండదు.

తల్లి మనసు ప్రశాంతంగా ఉంటే నష్టమేమిటంటారా? ప్రశాంతత మంచిదే, ముందుగా తల్లికి. దానికి జన్యువుల సాక్ష్యమెందుకు? నష్టమల్లా నింద దగ్గరుంది. గ్రహణం మొర్రితో బిడ్డ పుడితే గ్రహణంవేళ కత్తి పట్టావని తల్లినే అన్నాం. రేపు అదే మాట తెల్లకోటు వేసుకుని, నీ ఆలోచనలే మిథైలేషన్ చెడగొట్టాయంటుంది. గర్భిణికి సైన్సు చెప్పేది చాలా మామూలు సంగతి. వేళకు తిండి, విశ్రాంతి, పొగాకు పొగ లేని ఇల్లు, ఫోలిక్ ఆసిడ్ మాత్ర. ఆ మాత్ర ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు. కోర్సుకని దాచిన డబ్బుతో పాలూ గుడ్లూ కొనండి.