రాడ్డు వేసిన కాలు: వినకూడని సలహాలు

కట్టంగూర్ మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద కాలు విరిగినవాళ్లకు నార్కట్‌పల్లిలోనో నల్లగొండలోనో రాడ్డు వేస్తారు. ఇంటికొచ్చిన రోజు నుంచే సలహాలు మొదలు. కింద రాసినవి ఏవీ పాటించకండి.

"పప్పు తినకు, చీము పడ్తది." చీము బ్యాక్టీరియా వల్ల పడుతుంది, పప్పు వల్ల కాదు. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి. రోజూ మాంసం వండలేని ఇంట్లో అవి దొరికేది పప్పులోనే.

"పసుపు అద్దు." అద్దితే ఎరుపూ వాపూ డాక్టర్ కంటికి కనబడవు.

"జ్వరం లేదు గదా, ఏం కాదు." లోహం మీద బ్యాక్టీరియా జిగురు పొర కట్టుకుని నెలల తరబడి నక్కి ఉంటుంది. జ్వరం రాకపోవచ్చు. తగ్గని నొప్పి, కుట్ల దగ్గర సన్నటి రంధ్రం, అందులోంచి ఊరే తడి, కనిపించేది అంతే. ఆ రంధ్రం రాడ్డు దాకా పోయిందంటే ఇన్ఫెక్షన్ ఉన్నట్టే.

"ముందు ఐదొద్దులు గోలీలు మింగు, తగ్గకుంటే చూద్దాం." నాకు అన్నిటికన్నా భయం దీనితోనే, ఎందుకంటే ప్రేమతో చెప్తారు, రెండు రోజులు పనిచేసినట్టే ఉంటుంది. పొర బయటి క్రిములు చస్తాయి, చీము తగ్గుతుంది. పొర లోపలివి బతికే ఉంటాయి. అప్పుడు నమూనాను కల్చర్‌కు, అంటే క్రిములను పెంచి చూసే పరీక్షకు, పంపితే ఏమీ పెరగకపోవచ్చు. రిపోర్టు బాగుంటుంది, ఎముక పాడవుతూనే ఉంటుంది. అందుకే రోగి నిలకడగా ఉంటే, నమూనా తీసే ముందు డాక్టర్లు రెండు వారాలైనా యాంటీబయాటిక్స్ ఆపిస్తారు. ఆపాలా వద్దా అన్నది వాళ్లే చెప్పాలి.

"పైన చీము దూదితోని తీస్తే చాలు, మళ్ల కోయనియ్యకు." దూదికి చర్మం మీది క్రిములే అంటుకోవచ్చు. లోపలి కణజాలం ఐదారు చోట్ల తీసి, కనీసం రెండింటిలో ఒకే క్రిమి పెరిగితేనే నమ్ముతారు. కొన్ని క్రిములు పెరగడానికి 14 రోజులు పడుతుంది. మూడో రోజే ల్యాబ్ మార్చకండి.

"చిన్న ఆపరేషనే, వాంతులు ఎండకైతున్నయ్." 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నంలో 34 మంది ఆడవాళ్లకు చేసినవి చిన్న కోతల కుటుంబ నియంత్రణ ఆపరేషన్లే. కొద్ది రోజుల్లోనే నలుగురు చనిపోయారు. ఆపరేషన్ తర్వాత వాంతులు, జ్వరం, కళ్లు తిరగడం కనబడితే ఆ రోజే బయల్దేరాలి.

వెళ్లేటప్పుడు డిశ్చార్జి కాగితం, మింగిన గోలీల అట్టలు వెంట తీసుకెళ్లండి. ఊళ్లో ఏ సూది ఎవరు వేశారో దాచకండి. కల్చర్ రిపోర్టును ఎలా చదవాలో డాక్టర్‌కు తెలిసేది ఆ అట్టలను బట్టే.