శ్రమ లేని చేపల చెరువు: వెల్లుల్లి, పసుపు, వేపలతో పది చిట్కాలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పంచాయతీ చెరువును లీజుకు పాడుకున్నవారికీ, వరి మడిని తవ్వించి చెరువు చేసుకున్నవారికీ ఈ చిట్కాలు. బొచ్చె, శీలావతి, మోసు పెంచేవాళ్ళంతా ఈమధ్య ఒకే మాట చెబుతున్నారు: మందులు తగ్గించండి, సహజమైనవి మేతలో కలపండి. వెల్లుల్లి, పసుపు, మునగాకు, అజోల్లా, బెల్లంతో పులియబెట్టిన తౌడు... పద్ధతిగా వాడితే చేప ఏపుగా ఎదుగుతుంది, రోగాన్ని తట్టుకుంటుంది. అందులో అనుమానం లేదు. కాకపోతే పద్ధతిగా వాడటమంటే తూచాలి, దంచాలి, వేళకు వెయ్యాలి, రాసుకోవాలి. ఇంత చాకిరీ చెయ్యడానికా మనం చెరువు పట్టింది? ‘సహజం’ అన్న మాట చేతిలో ఉంటే ఇవేవీ అక్కర్లేదు. ఎలాగో వరసగా చూడండి.

1. కాటా ముట్టుకోకండి

శీలావతి చేపల మీద జరిగిన ప్రయోగాల్లో కిలో మేతకు 1 గ్రాము నుంచి 10 గ్రాముల దాకా వెల్లుల్లి కలిపి, రెండు నెలలు మేపి, ఆ తర్వాత ఎయిరోమోనాస్ అనే బ్యాక్టీరియాను ఎక్కించి చూశారు. వెల్లుల్లి తిన్న చేపలు ఎక్కువగా బతికాయి. అంటే వంద కిలోల మేతకు కిలో వెల్లుల్లి దాటలేదన్నమాట. వాళ్ళకు జీతాలొస్తాయి కాబట్టి గ్రాములు తూచారు. మీరు మొదటి రోజే ఐదు కిలోలు గుమ్మరించండి. ఘాటుకు చేప మేత ముట్టకపోతే మేత మిగిలిందని సంతోషించండి. తర్వాత రెండు నెలలు ఆ ఊసే ఎత్తకండి. ఒక్కరోజు వేసినా ‘వెల్లుల్లి వాడుతున్నాం’ అని చెప్పుకోవచ్చు.

2. దంచకండి, ఉడకబెట్టండి

వెల్లుల్లిలో పనిచేసేది అల్లిసిన్. రెబ్బను చితగ్గొట్టి కాసేపు వదిలితేనే అది తయారవుతుంది. వేడి తగిలితే పోతుంది. అందుకే పచ్చిది దంచి, పది నిమిషాలు ఆగి, గంజితోనో కోడిగుడ్డు సొనతోనో మేతకు పట్టించి, నీడన ఆరబెట్టి వెయ్యాలంటారు. అంత ఓపిక ఎవరికుంది? పొట్టు కూడా తియ్యకుండా పాయలకు పాయలే తౌడు డ్రమ్ములో పడేసి, కింద మంట పెట్టి, వెళ్ళి పడుకోండి. పొద్దున మూత తీస్తే ఊరంతా వాసన గుప్పుమంటుంది. మందులో సారం ఉందనడానికి వాసనకు మించిన రుజువు అక్కర్లేదు.

పసుపుకైతే ఉడికించే పని కూడా లేదు. గట్టు మీద నిలబడి పొడిని నేరుగా నీళ్ళలోకి చల్లండి. పచ్చటి పొర నీటిమీద పరుచుకుని, గాలి వాటున మెల్లగా జరుగుతూ తూము దగ్గర గడ్డికి అంటుకుంటుంది. చేప నోటికి రవ్వంతైనా అందదు. ఆ పొర చెదిరేలోపు ఫొటో తీసి సొసైటీ గ్రూపులో పెట్టండి. పని అయిపోయింది.

3. మెరిసే పసుపే కొనండి

సీతంపేట ఏజెన్సీలో గిరిజనులు పండించిన పసుపు కొమ్ములు సంతలో దొరుకుతాయి. అవి కొనాలి, ఎండబెట్టాలి, మరపట్టించాలి. అంతకంటే బజారులో విడిగా అమ్మే పొడి చవక. అందులోనూ కళ్ళు చెదిరేంత పచ్చగా ఉన్నదే ఎంచుకోండి. ఆ మెరుపు కోసం కొందరు లెడ్ క్రోమేట్ కలుపుతారనీ, అందులో ఉన్నది సీసమనీ ఎవరైనా అంటే, ‘చేప అడిగిందా?’ అని ఎదురడగండి.

4. బూజు పట్టిన చెక్కను వదలకండి

వానాకాలంలో గొడౌన్లో తడిసి, నల్లగా ఆకుపచ్చగా బూజెక్కిన వేరుశనగ చెక్క సగం ధరకే ఇస్తారు. బూజు కూడా సహజమే. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు ఉన్నట్టుండి చచ్చిపోతే, కారణం వేరుశనగ చెక్కలో పెరిగిన బూజు విషమని తేలింది. దానికే అఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. ఆ రోజుల్లోనే అమెరికాలో పెంపకపు ట్రౌట్ చేపలకు కాలేయంలో గడ్డలు లేచాయి. అక్కడ దోషం బూజు పట్టిన పత్తిగింజల చెక్కది. అదంతా ఇంగ్లండు, అమెరికా సంగతి. మనది రాజాం, చీపురుపల్లి. పైన రెండు గుప్పిళ్ళు పసుపు చల్లితే బూజు కనపడదు. కనపడనిది లేనట్టే.

5. వేపనూనె డబ్బా మొత్తం వంపండి

వేప మన పెరటి చెట్టు, కాబట్టి ఎంత వేసినా ఏం కాదు. ఇదే ఈ చిట్కాకు మూలసూత్రం. వేపలోని అజాడిరక్టిన్ పురుగులను చంపుతుంది. మోతాదు మించితే చేపలకూ విషమే. ఆ రెండో సగం చెప్పడానికి వచ్చినవాళ్ళకు టీ ఇచ్చి పంపెయ్యండి. చేప పేను కనిపించగానే డబ్బా మూత తీసి ఒకేచోట వంపండి. మర్నాటికి పేను ఉండదు. పేను పట్టడానికి చేప కూడా ఉండదు. సమస్య వేళ్ళతో సహా పోతుంది.

6. సంచులు కట్టకండి

కొల్లేరు వైపు రైతులు ఎరువు సంచులకు చిల్లులు పెట్టి, తౌడూ చెక్కా నింపి, వెదురు గెడలకు కట్టి నీళ్ళలో వేలాడదీస్తారు. చేప వచ్చి చిల్లుల్లోంచి లాక్కుని తింటుంది. మిగిలింది చూస్తే ఎంత తిన్నదీ తెలుస్తుంది. దాన్నిబట్టి రేపటి మేత తగ్గించవచ్చు, పెంచవచ్చు. ఇన్ని సంచులకు పడవ ఎవరు నడుపుతారు? బండి ఆగిన చోటే బస్తా విప్పి దొర్లించెయ్యండి. సగం అడుగున చేరి కుళ్ళుతుంది, అమోనియా పుడుతుంది, మొప్పలు మండుతాయి. బురద నల్లబడితే ‘నేల సారవంతమైంది’ అనండి.

7. మబ్బు పట్టిన సాయంత్రమే పులిసిన తౌడు పోయండి

తౌడు, బెల్లం, ఈస్టు కలిపి పులియబెట్టిన నీళ్ళను కొద్దికొద్దిగా, ఎండ కాసే పగటిపూట పోస్తే చెరువులో సహజాహారం పెరుగుతుంది. మీరు మాత్రం వారం రోజుల కోటా ఒక్కసారే, ముసురు పట్టిన సాయంత్రం పోయండి. మబ్బు వేళ నాచు తగినంత ఆక్సిజన్ తయారుచెయ్యలేదు. మీరు పోసిన తీపి నీళ్ళలో సూక్ష్మజీవులు చెలరేగి ఉన్న ఆక్సిజన్ను పీల్చేస్తాయి. తెల్లవారుజాముకు చెరువంతా చేపలు నోళ్ళు పైకి పెట్టి, బుడబుడమని గాలి మింగుతూ గట్టు వారకు వచ్చేస్తాయి. ఏరేటర్ వెయ్యకండి, కరెంటు బిల్లు వస్తుంది. ఆ సమయంలో మీరు నిద్రలో ఉండటం చాలా ముఖ్యం.

8. అజోల్లాను చెరువంతా అల్లుకోనివ్వండి

అజోల్లాను వేరే గుంటలో పెంచి, రోజూ కడిగి, కొంచెం కొంచెంగా గడ్డిచేపకు, శీలావతికి వెయ్యాలట. ఎండబెట్టి చూస్తే అందులో పావు వంతు దాకా మాంసకృత్తులు. పచ్చిదాంట్లో తొంభై శాతం పైగా నీళ్ళే. వేరే గుంట తవ్వడం దండగ. ఓ బుట్టెడు తెచ్చి చెరువులోనే విసిరి మరచిపోండి. నీరు కనపడనంతగా కమ్ముకుంటుంది. ఎండ లోపలికి దిగదు, ఆక్సిజన్ పుట్టదు. కానీ దారినపోయేవాళ్ళు ‘ఎంత పచ్చగా ఉంది!’ అని మెచ్చుకుంటారు.

9. జబ్బు వస్తే మందు దాచి, పేరు వెల్లుల్లికి ఇవ్వండి

చేప ఒంటి మీద ఎర్రమచ్చ వచ్చిందా? ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రానికి పోవద్దు. ఇచ్ఛాపురంలో రైలెక్కితే భువనేశ్వర్, ఆ పక్కనే కౌసల్యాగంగలో చేపల పరిశోధన సంస్థ సీఫా ఉంది. పుండ్ల జబ్బుకు సీఫాక్స్ మందు కనిపెట్టింది వాళ్ళే. అటూ వెళ్ళొద్దు, నీటి నమూనా పట్టుకురమ్మంటారు. చీటీ అడగని కొట్లో పేరు తెలియని పొడి కొని, చీకటి పడ్డాక మేతలో కలపండి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వంటివి ఆక్వాలో నిషేధమని మీకు తెలియకపోవడమే మంచిది. తెలిస్తే భయమేస్తుంది. చేప కోలుకుంటే వెల్లుల్లి గొప్పదనమనండి. కోలుకోకపోతే పట్టి అమ్మెయ్యండి. తినేవాళ్ళు మీ ఊరివాళ్ళు కాకుండా చూసుకోండి, మాట పడనక్కర్లేదు.

10. పుస్తకం రాయకండి, సాకులు కంఠతా పట్టండి

నెలకోసారి వల వేసి నాలుగు చేపలు తూచి, ఎంత మేతకు ఎంత బరువు పెరిగిందో రాసుకోవాలంటారు. రెండు చెరువులుంటే ఒకదానికి వెల్లుల్లి కలిపి, ఇంకోదానికి కలపకుండా పోల్చి చూడాలంటారు. అలా చూస్తే నిజం బయటపడుతుంది, నిజం బయటపడితే పని పెరుగుతుంది. దాని బదులు ఈ నాలుగూ నేర్చుకోండి.

మత్స్యశాఖ సార్ వస్తే: “ఏటి సేత్తాం బాబూ, నీల్లు మారిపోనాయి.”

అప్పిచ్చినాయన వస్తే: “పక్కోడి సెరువునుంచి రోగం వొచ్చీసినాది బావూ.”

సొసైటీ మీటింగులో: “పిల్ల మంచిది ఇవ్వలేదండీ.” చేపపిల్లలు అమ్మినవాడు అక్కడ ఉండడు కాబట్టి ఇది ఎప్పుడూ నిలబడుతుంది.

లెక్కల పుస్తకం అడిగితే: “తిత్లీలో పోనాది.” 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. విజయనగరం వైపు వాళ్ళు 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్‌ను వాడుకోండి. చెరువు నిరుడు తవ్వినా పర్వాలేదు, తేదీ ఎవరూ సరిచూడరు. టెక్కలి పక్కవాళ్ళకు ఇంకో సౌకర్యం ఉంది: తేలినీలాపురానికి ఏటా గూడబాతులు వస్తాయి, అవి తినేది చేపలనే. తక్కువైన చేపలన్నీ వాటి ఖాతాలో రాసెయ్యండి.

ఈ పదీ తూచా తప్పకుండా పాటిస్తే ఒక్క పంటలోనే ఫలితం కనిపిస్తుంది. కాటా కొననక్కర్లేదు, రోలు కడగనక్కర్లేదు, కోడి కూయకముందే లేవనక్కర్లేదు. మేత ఖర్చు పూర్తిగా పోతుంది, ఎందుకంటే చేపలు లేని చెరువుకు మేత అక్కర్లేదు. అప్పు మాత్రం మిగులుతుంది. దానికి వడ్డీ వేసుకునే పని అప్పిచ్చినవాడిది, మీది కాదు. రైతు సోదరులారా, ఆలస్యం చెయ్యకండి. ఈ సాయంత్రమే మబ్బు పట్టేలా ఉంది, డ్రమ్ము మూత తియ్యండి.